చైన్‌సా పిస్టన్ అంచు లేత్ మీద తీయిస్తే కంప్రెషన్ నిజంగా పెరుగుద్దా? – 58 సీసీ, విశాఖ

పెందుర్తి_కోతమిషను
అందరికీ నమస్తే. నాది 58 సీసీ చైనా చైన్‌సా, 22 అంగుళాల బార్ (చైను తిరిగే పట్టీ). పెందుర్తి, సబ్బవరం వైపు తోటల్లో సరుగుడు, జీడిమామిడి, అప్పుడప్పుడు ముదురు మామిడి మొద్దులు కోస్తుంటాను. సరుగుడు అయితే పర్లేదు గానీ ఎండిన మామిడో చింతో తగిలి బార్ మొత్తం దిగిందంటే ఆర్పీఎం పడిపోద్ది, యాక్సిలరేటర్ ఫుల్లుగా నొక్కినా చైను ఆగినంత పని అవుద్ది. బయట దేశాల వాళ్ళు పిస్టన్ పైభాగం అంచు చుట్టూ లేత్ మీద తీసేసి, నడుమ మాత్రం ఎత్తుగా ఉంచి పాప్‌అప్ పిస్టన్ అని వేస్తన్నారు, కంప్రెషన్ బాగా పెరుగుద్దంట. నా దగ్గర 45.2 మి.మీ. కొత్త పిస్టన్ రింగులతో సహా స్పేర్ ఒకటుంది, దాని అంచు 1 మి.మీ. తీయించి వేసేద్దాం అనుకుంటన్నాను. ఎంతవరకు తీయొచ్చు? ఇంజన్‌కి ఏమైనా దెబ్బా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

ఆటోనగర్_టర్నర్
తమ్ముడూ, లేత్ దగ్గరికి వెళ్ళకముందే ఒక సంగతి. అంచు 1 మి.మీ. తీసిన పిస్టన్‌ని మామూలుగా బిగించేస్తే కంప్రెషన్ పెరగదు సరికదా తగ్గుద్ది. పిస్టన్ మీద మెటల్ తీశావంటే దాని పైన ఖాళీ పెరిగినట్టే కదా. ఆ వీడియోల్లో కనపడేది సగం పనే. అంచు ఎంత తీశారో అంత మేరకి సిలిండర్‌ని కూడా కిందకి దించుతారు, అంటే సిలిండర్ అడుగున క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పెట్టె) మీద కూర్చునే ఫ్లాంజ్‌ని లేత్ మీద ఫేసింగ్ చేస్తారు. అప్పుడు అంచు దగ్గర గ్యాప్ పాతదే ఉంటది, నడుమ మిగిలిన ఎత్తు మాత్రం పైన మంట మండే చాంబర్‌లోకి దూరుద్ది. కంప్రెషన్ పెరిగేది ఆ నడుమ భాగం వల్ల. అంటే ఇది రెండు లేత్ పనులు, అందులో సిలిండర్ పనే కష్టం.
నువ్వు ముందు నాకు స్క్విష్ గ్యాప్, అంటే పిస్టన్ పూర్తిగా పైకి వెళ్ళినప్పుడు దాని అంచుకి, సిలిండర్ పైకప్పుకి మధ్య ఖాళీ, ఎంతుందో చెప్పు. పై రింగు గాడికి, పిస్టన్ పై అంచుకి మధ్య ఎంత మెటల్ ఉందో చెప్పు. పిస్టన్ పూర్తిగా పైకి వెళ్ళినప్పుడు దాని స్కర్ట్ (పిస్టన్ కింది గోడ) అడుగు ఎగ్జాస్ట్ పోర్టు (పొగ పోయే కంత) కింది అంచు కంటే ఎంత కిందకి ఉందో కూడా కావాలి. ఇవి లేకుండా ఎంత తియ్యాలో ఎవరు చెప్పినా అది గాల్లో లెక్కే.

గాజువాక_ఆర్‌ఎక్స్
అన్నా ఇంత కష్టం ఎందుకు, మేము ఆర్‌ఎక్స్ 100కి హెడ్ విప్పి షేవింగ్ చేయించేస్తాం, పిస్టన్ జోలికి వెళ్ళం. అర మిల్లీ తీయిస్తే తేడా తెలిసిపోద్ది. దీనికి అలా కుదరదా?

ఆటోనగర్_టర్నర్
కుదరదు. చైన్‌సాకి హెడ్, సిలిండర్ ఒకే పోత, విడదీయడానికి హెడ్ అంటూ లేదు. అందుకే చెయ్యాల్సిందేదైనా అడుగు నుంచే, లేదా పిస్టన్ మీద. ఆర్‌ఎక్స్ 50 బోరు 50 స్ట్రోకు, ఇది 45.2 బోరు 36 స్ట్రోకు, పొట్టి స్ట్రోకు ఇంజన్ పది వేల ఆర్పీఎం పైన తిరుగుద్ది. కాబట్టి బండికి చేసిన లెక్కలు దీనికి నేరుగా పనికిరావు.

భీమిలి_సరుగుడు
నేను 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక రోడ్ల మీద పడ్డ చెట్లు తీయడానికి మొదటి మిషను కొన్నాను, అప్పటి నుంచి ఇదే పని. పిస్టన్ సంగతి తర్వాత, ముందు చైను చూడండి బాబూ. మొద్దులో మిషను కూర్చుండిపోతుందంటే సగం కేసుల్లో పళ్ళు మొండి అయ్యో, రేకర్లు (పన్ను ముందుండే చిన్న మెట్లు) తప్పుగా అరగదీసో ఉంటాయి. పాయింట్ 325 చైనుకి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి, రేకరు పన్ను కంటే 0.65 మి.మీ. కిందకి ఉండాలి. కొంతమంది ఫాస్టుగా కొయ్యాలని రేకరు బాగా దించేస్తారు, అప్పుడు పన్ను లావు ముక్క పట్టుకుని ఇంజన్‌ని ఆపేస్తది, మనం ఇంజన్‌లో పవర్ లేదనుకుంటాం. రంపంపొట్టు పిండిలా వస్తుందంటే చైను మొండి, చిన్న చిన్న చెక్కముక్కలు రాలితే చైను బాగున్నట్టు.
రెండోది సైలెన్సర్. ఈ 58 సీసీ వాటికి లోపల దారి చాలా ఇరుకు, పైగా జాలీ కార్బన్‌తో మూసుకుపోయి ఉంటది. దాన్ని విప్పి కాల్చి శుభ్రం చేస్తేనే చాలామంది మిషన్లు మళ్ళీ బతికాయి.

పెందుర్తి_కోతమిషను
భీమిలి అన్నా చైను నేను ప్రతి ట్యాంకుకీ పట్టుకుంటాను, రేకర్లు గేజ్ పెట్టే తీస్తాను, అది ఓకే. సైలెన్సర్ జాలీ మాత్రం విప్పి చూస్తాను. టర్నర్ అన్నా, స్క్విష్ కొలవడం ఎలాగో కాస్త చెప్పండి, ఫీలర్ గేజ్ ప్లగ్గు కంతలోంచి పట్టదు కదా.

మెకానికల్_మాస్టారు
స్క్విష్ కొలవడానికి టంకం తీగ చాలు బాబూ. డాబాగార్డెన్స్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే సన్న సోల్డర్ తీగ రెండు పోగులు మెలిపెట్టు, ఒక్క పోగు అయితే గ్యాప్ కంటే సన్నగా ఉండి నలగదు. ప్లగ్గు తీసి, ఆ తీగ కొనని సిలిండర్ గోడకి తగిలేదాకా పంపించు. గజన్ పిన్ను (పిస్టన్‌ని కాన్‌రాడ్‌కి కలిపే పిన్ను) ఏ దిక్కుకి ఉందో ఆ దిక్కుకే పంపించాలి, ఎందుకంటే ఎగ్జాస్ట్ వైపో ఇన్‌టేక్ వైపో పెడితే పిస్టన్ పిన్ను మీద కాస్త ఊగి కొలత తప్పు చూపిస్తది. తర్వాత ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి పిస్టన్‌ని పైదాకా తీసుకెళ్ళి దాటించు. తీగ నలిగిపోయి చదునుగా వస్తది, గోడకి తగిలిన కొన దగ్గర వెర్నియర్‌తో కొలువు. పిన్నుకి రెండు కొనల వైపూ తీసుకో, రెండిటికీ తేడా ఎక్కువుంటే సిలిండర్ ఒక పక్కకి వాలి కూర్చున్నట్టు.
తాడు లాగి మాత్రం చెయ్యొద్దు, చేత్తోనే.

పెందుర్తి_కోతమిషను
కొలిచాను. ఒక వైపు 1.15, రెండో వైపు 1.10. సిలిండర్ అడుగున ఉండే బేస్ ప్యాకింగ్ మందం 0.5. స్పేర్ పిస్టన్‌కి పై రింగు మీద 3 మి.మీ. మెటల్ ఉంది. స్కర్ట్ ఎగ్జాస్ట్ పోర్టుని 2.4 మి.మీ. దాటి కప్పుతోంది. కంప్రెషన్ మాత్రం భయంగా ఉంది, మా వీధిలో కారు మెకానిక్ దగ్గర గేజ్ తెచ్చి చూస్తే 95 పీఎస్‌ఐ. రింగులు పోయినట్టేనా?

కంచరపాలెం_టూస్ట్రోక్
రింగులు మార్చెయ్యకు బ్రో, ఆ గేజ్‌ని నమ్మకు. కార్ల గేజ్‌కి వాల్వు డయల్ దగ్గర ఉంటది. ప్లగ్గు కంత నుంచి అక్కడిదాకా ట్యూబులో ఉన్న ఖాళీ అంతా నీ కంబషన్ చాంబర్‌లో కలిసిపోయినట్టే. కారు సిలిండర్‌లో చాంబరే 30, 40 సీసీ ఉంటది కాబట్టి దానికి ఆ ట్యూబు లెక్కలోకి రాదు, నీ మిషన్‌కి మొత్తం చాంబర్ ఏడెనిమిది సీసీ, దానికి ట్యూబులో ఇంకో మూడు సీసీ కలిస్తే రీడింగ్ అడ్డంగా పడిపోద్ది. ట్యూబు చివర, అంటే ప్లగ్గు కంతలో బిగించే కొన దగ్గరే వాల్వు ఉన్న గేజ్ తీసుకో. యాక్సిలరేటర్ ఫుల్లుగా నొక్కి, చోక్ తీసేసి, సూది ఆగిపోయేదాకా తాడు లాగాలి.
చిన్న మిషన్లకి 150 దగ్గర ఉంటే ఆరోగ్యం. 120 కంటే కింద ఉంటే అప్పుడు రింగులు, సిలిండర్ గోడ చూడాలి.

పెందుర్తి_కోతమిషను
అలాంటి గేజ్ దొరికింది అన్నా. 135 చూపిస్తోంది. ఎంత తేడా! రింగులు బానే ఉన్నాయి. సైలెన్సర్ జాలీ నిజంగానే ముప్పాతిక మూసుకుపోయి ఉంది, కాల్చి బ్రష్ కొట్టాను.

మెకానికల్_మాస్టారు
ఇప్పుడు లెక్క వేద్దాం. 45.2 బోరుకి పిస్టన్ వైశాల్యం సుమారు 16 చదరపు సెంటీమీటర్లు. అంటే సిలిండర్‌ని అర మిల్లీ దించితే చాంబర్‌లో 0.8 సీసీ తగ్గుద్ది. ప్లగ్గు కంతలోంచి సిరంజితో నూనె పోసి కొలిస్తే ఈ ఇంజన్ చాంబర్ 7.5 సీసీ వచ్చిందనుకో, ఇప్పుడు కంప్రెషన్ నిష్పత్తి (ఇంజన్ సీసీ 57.8 ప్లస్ చాంబర్ 7.5) బై 7.5, అంటే 8.7. ప్యాకింగ్ తీసేసి లిక్విడ్ గాస్కెట్‌తో కూర్చోబెడితే చాంబర్ 6.7, నిష్పత్తి 9.6. ఒక్క కాయితం ముక్క తీసినందుకు ఇంత తేడా. పైగా స్క్విష్ 1.1 నుంచి 0.6కి వస్తది, ఇది ఇంకా ముఖ్యం. స్క్విష్ 1 మి.మీ. పైన ఉంటే అంచు దగ్గరున్న గ్యాసు కదలకుండా అక్కడే ఉండిపోయి ఆఖర్న తనంతట తనే పేలే (నాకింగ్) అవకాశం ఎక్కువ. 0.5, 0.6 దగ్గర ఉంటే పిస్టన్ పైకి వచ్చేటప్పుడు ఆ గ్యాసుని ప్లగ్గు వైపు గట్టిగా తోసేస్తది, మంట త్వరగా పాకుద్ది. అందుకే కంప్రెషన్ పెరిగినా నాకింగ్ పెరగకపోవచ్చు. 0.5 కంటే కిందకి మాత్రం వద్దు, వేడికి కాన్‌రాడ్ సాగి, బేరింగ్ ఆట కలిసి, పిస్టన్ వెళ్ళి చాంబర్‌కి తగులుద్ది.
పోర్టు టైమింగ్ సంగతి కూడా చూడు. సిలిండర్ అర మిల్లీ దిగితే ఎగ్జాస్ట్ ఆలస్యంగా తెరుచుకుని ముందే మూసుకుంటది, మొత్తం మీద మూడు నాలుగు డిగ్రీలు తగ్గుద్ది. ట్రాన్స్‌ఫర్ (క్రాంక్‌కేస్ నుంచి పెట్రోల్, గాలి పైకి వచ్చే పోర్టు) కూడా అంతే. నీకు కావాల్సింది మొద్దులో బార్ దిగాక లాగే శక్తి కాబట్టి ఇది నీకు మేలే, పై ఆర్పీఎం కొంచెం తగ్గినా ఫర్వాలేదు. ఇన్‌టేక్ మాత్రం పిస్టన్ స్కర్ట్ తెరిచేది కాబట్టి అది తిరగబడి కాస్త పెరుగుద్ది.

గాజువాక_ఆర్‌ఎక్స్
మాస్టారూ మరి పాప్‌అప్ చేస్తే లెక్క ఎలా మారుద్ది?

మెకానికల్_మాస్టారు
ఉదాహరణకి అంచు చుట్టూ 0.7 తీసి నడుమ 35 మి.మీ. వ్యాసం బొడిపె ఉంచామనుకో, సిలిండర్ ఇంకో 0.7 దించామనుకో. అంచు దగ్గర తీసింది, దించింది చెల్లుకు చెల్లు. మిగిలే లాభం ఆ బొడిపె ఘనపరిమాణం, సుమారు 0.67 సీసీ. చాంబర్ 6.7 నుంచి 6కి వస్తది, నిష్పత్తి 10.6. ఎగ్జాస్ట్, ట్రాన్స్‌ఫర్ తెరిచేది పిస్టన్ పై అంచు కాబట్టి అవి ఇంకా మారవు, పాప్‌అప్‌లో ఉన్న అసలు సుఖం ఇదే. కానీ స్కర్ట్ తీయలేదు కదా, ఇన్‌టేక్ ఇంకో నాలుగు డిగ్రీలు దాకా పెరుగుద్ది. మరీ పెరిగితే స్లోలో (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు) కార్బొరేటర్ నుంచి పెట్రోల్ వెనక్కి ఉమ్ముద్ది. ఎగ్జాస్ట్ పోర్టు కింది అంచు కూడా 1.2 మొత్తం కిందకి దిగుద్ది, నీ స్కర్ట్ కవరింగ్ 2.4లో సగం పోద్ది. ఇంకా 1.2 మిగులుద్ది కాబట్టి సరే. ఇది సున్నాకి వస్తే పిస్టన్ పైన ఉన్నప్పుడు క్రాంక్‌కేస్ నేరుగా సైలెన్సర్‌లోకి తెరుచుకుంటది, మిషన్ స్లోలో నిలబడదు.

కంచరపాలెం_టూస్ట్రోక్
నాకు పాప్‌అప్ అంటే అంత ఇష్టం లేదు, చెప్పేస్తన్నాను. చాంబర్ నడుమలోకి బొడిపె దూరిందంటే మంట పాకడానికి ఉన్న చోటు చదునైపోద్ది, వేడి పీల్చే అల్యూమినియం ఉపరితలం పెరుగుద్ది. అంతకంటే సిలిండర్ లోపల స్క్విష్ బ్యాండ్‌నే కట్ చేసి, అడుగు అంతే ఫేసింగ్ చేస్తే చాంబర్ ఆకారం బాగుంటది, పిస్టన్ ఫ్యాక్టరీదే ఉంటది. బయట మంచి బిల్డర్లు చాలామంది అదే చేస్తారు.

ఆటోనగర్_టర్నర్
మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ గుడ్డి రంధ్రంలాంటి సిలిండర్ లోపలికి టూలు పంపి పైన స్క్విష్ బ్యాండ్ కట్ చెయ్యడం ఇక్కడ ఎన్ని లేత్‌ల మీద సరిగ్గా అవుద్ది చెప్పు. గోడ ప్లేటింగ్‌కి టూలు ఒక్కసారి తగిలిందంటే సిలిండర్ చెత్తకుప్పకే. పిస్టన్ పోతే పిస్టన్ ఖరీదే పోద్ది, సిలిండర్ పోతే కథ వేరు. మొదటిసారి చేసేవాడికి పాప్‌అప్పే క్షేమం, అదీ ప్యాకింగ్ తీసి చూశాక ఇంకా చాలకపోతేనే.
పెందుర్తి తమ్ముడూ, నా సలహా అదే. ముందు ప్యాకింగ్ తీసి నడిపి చూడు. లేత్ ఎక్కడికీ పోదు.

అరకు_సిల్వర్‌ఓక్
మధ్యలో వస్తన్నాను, ఒక ముఖ్యమైన సంగతి. మాది అరకు, కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ కొమ్మలు తీసే పని. ఇక్కడ దాదాపు 900 మీటర్ల ఎత్తు, గాలి పల్చన, సముద్ర మట్టం కంటే గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ. అదే మిషన్ అదే గేజ్‌తో ఇక్కడ పది పదిహేను పీఎస్‌ఐ తక్కువ చూపిస్తది, మిషను పాడైనట్టు కాదు. కార్బొరేటర్ కూడా ఇక్కడ రిచ్ (గాలికి పెట్రోల్ ఎక్కువ) అయిపోద్ది కాబట్టి మేము హెచ్ స్క్రూ (ఫుల్ స్పీడులో పెట్రోల్ మోతాదు మార్చేది) కొంచెం బిగిస్తాం. ఆ మిషన్‌ని అలాగే ఘాట్ దింపి భీమిలి తీరంలో ఫుల్లుగా నడిపారంటే గాలి చిక్కన, పెట్రోల్ చాలదు, లీన్ అయిపోయి పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు గీతలు పడి పట్టేస్తది. కంప్రెషన్ పెంచిన ఇంజన్ అయితే ఇంకా తొందరగా. కొండెక్కినా దిగినా స్క్రూ మళ్ళీ సెట్ చెయ్యాల్సిందే.

భీమిలి_సరుగుడు
అరకు బాబు చెప్పింది అక్షరాలా నిజం, కొండ మీద నుంచి వచ్చిన మిషన్లు ఇక్కడ పట్టేసి కూర్చున్నవి చూశాను. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే గీతలుంటే లీన్, చుట్టూ గీతలుంటే ఆయిల్ కలపని పెట్రోల్, మా దగ్గర అలాగే గుర్తుపడతాం.

పెందుర్తి_కోతమిషను
అప్‌డేట్. ప్యాకింగ్ తీసేశాను. రెండు ముఖాలూ అసిటోన్‌తో తుడిచి పెట్రోల్ తట్టుకునే లిక్విడ్ గాస్కెట్ సన్నగా రాసి బిగించాను, ఒక రాత్రి ఆరనిచ్చాను. ఒక సంగతి గమనించాను, సిలిండర్ అర మిల్లీ దిగింది కదా, బోల్టులు గుడ్డి కంతల్లో అడుగు తగిలిపోతున్నాయి. చేతికి టైటైనట్టే ఉంటది కానీ ఫ్లాంజ్‌ని నొక్కట్లేదు. ఒక్కోదానికి ఒక వాషర్ వేశాక సరిగ్గా పట్టింది. స్క్విష్ 0.62, 0.60. కంప్రెషన్ 160!
లీకేజ్ ఎలా చూడాలి? సైలెన్సర్, కార్బొరేటర్ రెండు వైపులా రబ్బరు ముక్కలు పెట్టి మూశాను.

కంచరపాలెం_టూస్ట్రోక్
భేష్. బోల్టుల సంగతి చాలామంది చూడరు. లీకేజ్‌కి బీపీ చూసే పాత మిషన్ ఉంటే దాని రబ్బరు బంతి, డయల్ చాలు. కార్బొరేటర్ వైపు రబ్బరు ముక్కకి చిన్న కంత పెట్టి ట్యూబు దూర్చి 300 మి.మీ. పాదరసం దాకా కొట్టు, అది 0.4 బార్. సూది కదలకుండా నిలబడాలి. మెల్లగా పడిపోతుంటే సబ్బునీళ్ళు బ్రష్‌తో బేస్ చుట్టూ, రెండు క్రాంక్ సీళ్ళ దగ్గర, ఇన్‌టేక్ రబ్బరు దగ్గర రాయి, బుడగ ఎక్కడ వస్తే అక్కడ లీకు. పిస్టన్ పైన ఉన్నప్పుడు చూడు, ఇన్‌టేక్ పోర్టు తెరుచుకుని గాలి క్రాంక్‌కేస్‌లోకి వెళ్తది. ఫ్లైవీల్ వెనకాల సీలు మాత్రం ఫ్లైవీల్ తీసే చూడాలి.
గాలి పీల్చే మిషన్‌కి కంప్రెషన్ ఎంత పెంచినా వృథా, పైగా కాలిపోద్ది.

పెందుర్తి_కోతమిషను
300 దగ్గర దాదాపు నిలబడింది, ఫ్లైవీల్ వైపు సీలు దగ్గర మాత్రం సన్న బుడగలు. సీలు మార్చేశాను. ఇప్పుడు నడిపాను. మొద్దులో తేడా బాగా తెలుస్తోంది, అదే ఎండు మామిడి, అదే చైను, బార్ సగం దాటాక కూడా లాగుతోంది. పెట్రోల్ సంగతి చెప్పండి, ఆయిల్ ఎంత కలపాలి?

కంచరపాలెం_టూస్ట్రోక్
50:1 అంటే లీటరుకి 20 మి.లీ., 25:1 అంటే 40. మంచి జేఏఎస్ఓ ఎఫ్‌డీ గ్రేడ్ 2టీ ఆయిల్ అయితే నేను కంప్రెషన్ పెంచిన మిషన్లకి 30, 32 మి.లీ. దగ్గర వాడతాను. ఆయిల్ పెంచితే సేఫ్ అనుకుని స్క్రూ ముట్టుకోకుండా వదిలెయ్యొద్దు, లీటరులో ఆయిల్ పెరిగిందంటే ఆ మేరకి పెట్రోల్ తగ్గినట్టే, మిక్స్చర్ లీన్ వైపు జరుగుద్ది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్), ఇథనాల్‌కి అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి, అది కూడా లీన్ వైపే. రెండూ కలిపి చూసుకుని హెచ్ స్క్రూ ఎడమకి కొంచెం తెరువు. కటింగ్‌లో లేనప్పుడు ఫుల్ యాక్సిలరేటర్‌లో శబ్దం కొంచెం గరగరలాడాలి, మొద్దులో దిగగానే ఆ గరగర పోయి శుభ్రంగా పాడాలి. కటింగ్ లేకుండానే కీచుమని అరుస్తుందంటే లీన్, వెంటనే ఆపెయ్యి.
ఇథనాల్ నీళ్ళు పీలుస్తది, మన సముద్రపు గాలిలో ఇంకా త్వరగా. కలిపిన పెట్రోల్ క్యానులో వారాల తరబడి ఉంచొద్దు. పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టు, డయాఫ్రమ్‌లు గట్టిపడవు.

గాజువాక_ఆర్‌ఎక్స్
మరి పాప్‌అప్ ఇంకా చేస్తావా తమ్ముడూ, 160తో సరిపెట్టుకుంటావా?

పెందుర్తి_కోతమిషను
స్పేర్ పిస్టన్ ఖాళీగానే ఉంది కాబట్టి చేసి చూద్దామనే ఉంది. ముందు మిషన్ ఎలాగూ నడుస్తోంది, పని ఆగదు. టర్నర్ అన్నా మీ దగ్గరే చేద్దాం, పిస్టన్ చక్‌లో ఎలా పడతారు?

ఆటోనగర్_టర్నర్
పిస్టన్‌ని నేరుగా చక్ పళ్ళలో ఎప్పుడూ పట్టకూడదు. చూడ్డానికి గుండ్రంగా ఉంటది కానీ పిస్టన్ అసలు గుండ్రం కాదు, పిన్ను వైపు కొంచెం తక్కువ, అడ్డంగా కొంచెం ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ సన్నబడుద్ది. చక్ బిగిస్తే స్కర్ట్ నొక్కుకుపోద్ది, కంటికి కనపడదు, సిలిండర్‌లో తెలుస్తది.
నేను చేసేది ఇది. ఒక అల్యూమినియం కడ్డీని స్కర్ట్ లోపలికి సరిగ్గా దూరేలా టర్నింగ్ చేస్తాను, స్కర్ట్ అడుగు అంచు ఆనుకోడానికి మెట్టు ఉంచుతాను. ఆ కడ్డీకి అడ్డంగా పిన్ను కంత, నిడివిగా ఒక కంత. పిస్టన్ తొడిగి దాని గజన్ పిన్నే దూర్చి, నిడివి కంతలోంచి వచ్చే బోల్టుతో ఆ పిన్నుని వెనక్కి లాగుతాను, పిస్టన్ మెట్టుకి ఆనుకుని కదలకుండా కూర్చుంటది. పిస్టన్ తీయకుండానే పై ముఖానికి డయల్ పెట్టి చూసి అప్పుడు కట్ మొదలు. పదునైన టూలు, పలచని కట్, కిరసనాయిలు చుక్కలు, అల్యూమినియం టూలుకి అంటుకోకుండా. అంచు 0.7 దిగాక బొడిపె మూలని చిన్న రేడియస్‌తో వదులుతాను, పదునైన మూల ఉంటే అక్కడే ఎర్రగా కాలి ముందే మంట పుట్టిస్తది. పై రింగు మీద 2.3 మిగులుద్ది, అది చాలు. 2 కంటే కిందకి నేను చెయ్యను, ఎవరడిగినా.
సిలిండర్‌కి బోరు లోపల వ్యాకోచించే మాండ్రెల్ మీద పట్టి అడుగు ఫేసింగ్. బోరుకి తొంభై డిగ్రీల్లో ఉండాలి, లేకపోతే నీ స్క్విష్ ఒక పక్క 0.4, ఇంకో పక్క 0.8 వస్తది. అడుగున క్రాంక్‌కేస్‌లోకి దిగే సిలిండర్ పెదవి క్రాంక్ వెయిట్లకి తగలకుండా చూడాలి, బిగించాక ప్లగ్గు లేకుండా చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి చూడు.

పెందుర్తి_కోతమిషను
చేయించాను. టర్నర్ అన్న దగ్గర కూర్చుని మొత్తం చూశాను. స్క్విష్ 0.60 రెండు వైపులా, సిలిండర్ పెదవి కూడా 0.7 తీశారు. కొత్త ప్లగ్గు ఒక నంబరు చల్లది వేశాను. ఎన్‌జీకే‌లో నంబరు పెరిగితే చల్లది, అది గుర్తుపెట్టుకుని కొన్నాను. మొదటి రెండు ట్యాంకులు మెల్లగా నడిపి రింగులు కూర్చున్నాక గేజ్ 182.
తాడు మాత్రం చేతిని వెనక్కి గుంజుతోంది, ఈ మిషన్‌కి డీకంప్రెషన్ వాల్వు (తాడు లాగేటప్పుడు ఒత్తిడి కొంచెం వదిలేది) లేదు. మొద్దులో లాగడం మాత్రం ప్యాకింగ్ తీసినప్పటికంటే కొంచెమే ఎక్కువ. మొదటి మెట్టులో తెలిసినంత తేడా రెండోదాంట్లో తెలియలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తన్నాను.

మెకానికల్_మాస్టారు
అవును, 8.7 నుంచి 9.6కి వెళ్ళినప్పుడు స్క్విష్ కూడా బాగుపడింది, రెండు లాభాలు కలిశాయి. 9.6 నుంచి 10.6కి నిష్పత్తి ఒక్కటే పెరిగింది. నిష్పత్తి పెరిగేకొద్దీ వచ్చే లాభం చిన్నదవుతూ పోద్ది, వేడి మాత్రం అదే మోతాదులో పెరుగుతూ పోద్ది. మే నెలలో సబ్బవరం తోటలో మధ్యాహ్నం రెండు గంటలకి ఆగకుండా కోస్తే దాని పరీక్ష అప్పుడు.

భీమిలి_సరుగుడు
నాకొకటి చెప్పండి, నా దగ్గర డిపోలో స్టిల్ ఎంఎస్ 381 ఉంది, 72 సీసీ. దానికి కూడా ఇలా చేయిస్తే ఎలా ఉంటది? రోజంతా నడిచే మిషన్.

ఆటోనగర్_టర్నర్
బాబాయ్, దానికి చెయ్యను. 72 సీసీ మిషను, నీ పనికి శక్తి చాలు, దాని మీద నీ కూలీల రోజు నడుస్తోంది. స్క్విష్ కొలిచి చూడు, 1 మి.మీ. పైన ఉంటే సన్న ప్యాకింగ్ వేసి 0.7 దగ్గర ఆపు, అంతే. పాప్‌అప్ అనేది స్పేర్ మిషన్, స్పేర్ పిస్టన్ ఉన్నవాడికి. పొద్దున్నే పని మొదలవ్వాల్సిన మిషన్‌కి తాడు లాగడం తేలిగ్గా ఉండాలి, లేకపోతే మనిషి భుజం పోద్ది.

పెందుర్తి_కోతమిషను
డీకంప్రెషన్ వాల్వు సిలిండర్‌కి కంత పెట్టి వేయించొచ్చా అన్నా?

ఆటోనగర్_టర్నర్
సిలిండర్ పోతలో దానికి బొడిపె ఉంటే వేయొచ్చు, నీ దానికి ఫిన్నుల మధ్య మెటల్ చాలదు, నేను చూశాను కదా. తాడు లాగేటప్పుడు ముందు మెల్లగా లాగి గట్టి తగిలే చోటు దాటించు, తాడు వెనక్కి వదిలి, తర్వాత ఒకేసారి పూర్తిగా లాగు, పిడిని బిగించి పట్టుకో. ఇగ్నిషన్ కాయిల్, ఫ్లైవీల్ కీ మాత్రం ఎవరు చెప్పినా ముట్టుకోకు, టైమింగ్ ముందుకి జరిపితే తాడు వేళ్ళు విరిచేస్తది.

కంచరపాలెం_టూస్ట్రోక్
నాలుగైదు ట్యాంకులయ్యాక సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ పోర్టులోంచి టార్చి వేసి పిస్టన్ అంచు చూడు. ఇసుక చల్లినట్టు చిన్న చిన్న గుంటలు కనపడితే డిటొనేషన్ (అదే నాకింగ్), వెంటనే ఆపి పాత పిస్టన్ వేసెయ్యి. శుభ్రంగా, లేత గోధుమ రంగులో ఉంటే నడిపించుకో.

పెందుర్తి_కోతమిషను
ఇప్పుడే విప్పి చూశాను అన్నా. అంచు శుభ్రంగా ఉంది, గుంటలు లేవు, బొడిపె మీద గోధుమ రంగు. ఎగ్జాస్ట్ వైపు స్కర్ట్ మీద గీతల్లేవు. హెచ్ స్క్రూ ఇంకో కొంచెం తెరిచి పెట్టాను, ఎండాకాలం దాకా అలాగే ఉంచుతాను. పాత పిస్టన్, రింగులు ఆయిల్ రాసి కవర్లో కట్టి పెట్టాను.